ఐదువేల లీటర్లు

మురకంబట్టు మిట్ట మీద
కొత్త ప్రార్థనా మందిరం వెనకాల సిమెంటు తొట్టి.
అందులోకి పైపు వంచి
ట్రాక్టరు ఇంజను ఆపకుండా నిలబడినాను.
నీవా నదిలో ఇసుక తప్ప ఏమీ లేని ఎండాకాలం.
ఆదివారం పదకొండు మందికి బాప్తిస్మం.
ఎజ్రా పాస్టరు కర్ర దించి లోతు చూసినాడు.
"తల మొత్తం మునగాలప్పా,
ఒక్క వెంట్రుక తేలినా అది సమాధి కాదు."

నాకు తెలుసు.
నేను మూడుసార్లు తడిసినోణ్ణి.

మొదటిది గుర్తు లేదు.
గ్రీమ్స్‌పేట గుడిలో, నలభై దినాల బిడ్డని,
అయ్యగారు నుదుటి మీద మూడు చుక్కలు చల్లినారంట.
నేను ఏడ్చినానంట, మా యమ్మ నవ్విందంట.
"నువ్వు చెయ్యి చాపకముందే
దేవుడే నిన్ను పట్టుకున్నాడు రా" అనేది,
చనిపోయేదాకా అదే మాట.

రెండోది నా ఇరవై రెండో ఏట.
సహోదరుడు తీతు సైకిలు ఆపి అడిగినాడు,
"రక్షణ పొందినావా? ఏ తేదీన?"
రేషను కార్డుకు కూడా తేదీ ఉంది,
నా దగ్గర దీనికి లేదు.
రాత్రంతా దొర్లి దొర్లి
తెల్లారి మామిడితోపు బావిలోకి దిగినాను.
మెట్ల నిండా పాచి, ఎముకల్లోకి దిగే చలి.
పైకి లేస్తానే చెవిలో చెప్పినాడు:
"ఇంక పోదు. ఒకసారి దొరికింది ఎప్పటికీ పోదు."
ఆ మాటను బెల్లం ముక్క మాదిరి దవడన పెట్టుకుని
ఆరేండ్లు తిరిగినాను.

"పోతుందప్పా" అన్నాడు ఎజ్రా పాస్టరు.
"కాపాడుకోకపోతే కారిపోతుంది, ఓటి కుండ.
పైగా పేరు పెట్టి ముంచలేదు నిన్ను."
యేసు నామంలో మళ్ళీ మునిగినాను.
ఆత్మ దిగితే భాషలు వస్తాయన్నారు.
నాకు ఈ చిత్తూరు భాష తప్ప
ఇంతవరకూ ఇంకోటి రాలేదు.

ఇంట్లో సగాయమేరి
ఉత్తరించు స్థలంలో ఉన్న వాళ్ళమ్మ కోసం
దినమూ జపమాల తిప్పుతుంది.
"నువ్వేమో చేరిపోయినానంటావు,
నేను ఇంకా నడస్తానే ఉండా.
ముందు చారన్నం తిను."

ఆ లోడు నిజానికి కాలనీది.
పంచాయితీ బిల్లు నాలుగు నెలలుగా రాలేదు,
పాస్టరు ఇచ్చింది నగదు.
మోటారు కాలిపోయిందని
మొగిలమ్మకు ఫోనులో చెప్పినాను.
"సరేలే నాయనా" అనింది.
అంతే, పెట్టేసింది.

ఆదివారం పదకొండు మంది
తెల్లబట్టల్లో దిగినారు, తెల్లబట్టల్లో లేచినారు.
ఆఖరువాడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పిల్లోడు,
పసుపు ఎక్కిన గోళ్ళు,
నీళ్ళలోనుంచి లేచి ఎవరి కోసమో వెతికినాడు.
వాడి మొహం చూసి నాకు గొంతు పట్టుకుంది.
అబద్ధం కాదది. ఏదో జరిగింది వాడికి.

మధ్యాహ్నం అందరూ భోజనాల పందిట్లో ఉంటే
తొట్టి ఖాళీ చేద్దామని వెనక్కి పోయినాను.
మొగిలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు.
బట్టల నీలిమందు తేలిన నీళ్ళను
చెంబులతో ముంచి కడవలకు పోస్తా ఉన్నారు.
"తాగేదానికి కాదులే, గొడ్లకు" అనింది.
"ఇందులో మునిగితే ఏమవుతుంది అబ్బోడా?"

మూడు జవాబులు ఉన్నాయి నా దగ్గర,
సగాయమేరిది కలిపితే నాలుగు.
ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.
"సరే, కడవ ఎత్తు."
ఎత్తినాను. తొణికింది.

సోమవారం నా డీజిలుతో
కాలనీకి రెండు లోడ్లు పోసినాను.
"ఇవి క్రియలు, వీటితో ఎవరూ రక్షింపబడరు" అన్నాడు తీతు.
"ఫలం, ఫలం" అన్నాడు ఎజ్రా పాస్టరు.
"ప్రాయశ్చిత్తం, ఇంకో లోడు బాకీ" అనింది సగాయమేరి.
మా యమ్మ ఉంటే నవ్వేది.

మొగిలమ్మ
పైపు చివర కడవలోకి సర్దుకుంటా,
తల ఎత్తకుండా అడిగింది,
"మోటారు బాగయిందా నాయనా?"